దెయ్యం కోసం తార్నాక నుంచి ఎర్రగడ్డ దాకా

రాత్రి పన్నెండు దాటిందంటే ఫోన్‌లో దెయ్యాలు మొదలవుతాయి. ముందు రెండు కామెడీ క్లిప్పులు, తర్వాత ఎవరో బకెట్ బిర్యానీ తినడం, ఆ తర్వాత మెల్లగా టార్చిలైట్లు, పచ్చరంగు నైట్ విజన్, విరిగిన ఇనుప మంచాలు. "ఫ్రెండ్స్, మనం ఇప్పుడు వరల్డ్‌లోనే మోస్ట్ హాంటెడ్ మెంటల్ హాస్పిటల్‌లో ఉన్నాం" అని ఒక గుసగుస. మీరూ చూసే ఉంటారు. దుప్పటి ముఖం దాకా లాక్కుని మరీ చూసే ఉంటారు.

ఈ వీడియోల్లో ఎక్కువగా కనిపించేది పాడుబడ్డ పిచ్చాసుపత్రే. పాడుబడ్డ బ్యాంకులో దెయ్యం ఎందుకుండదు? మూతబడ్డ ఇంజనీరింగ్ కాలేజీలు మన రెండు రాష్ట్రాల్లో బోలెడు. లెక్కప్రకారం బ్యాక్‌లాగ్‌లు మిగిలిపోయిన ఆత్మలన్నీ అక్కడే తిరగాలి. అయినా వాటి జోలికి ఎవరూ వెళ్లరు. దెయ్యాల వేటగాళ్లందరికీ పిచ్చాసుపత్రే ఎందుకు కావాలి?

మరి హైదరాబాద్‌లో అలాంటిది ఒకటి ఉందా? ఈ ప్రశ్న పట్టుకుని ఒక శుక్రవారం రాత్రి, మర్నాడు శనివారం పగలు ముగ్గురం తిరిగాం. ఒకడు మా రూమ్మేట్. ఇంకొకడు రీల్స్ చేసే ఫ్రెండ్, దెయ్యం దొరికితే వైరల్ అయిపోవాలని వాడి ఆశ. మూడోవాణ్ణి నేను. తార్నాకలో అద్దెకుంటూ రాయదుర్గం ఆఫీసుకి మెట్రోలో వెళ్లొచ్చే మామూలు సాఫ్ట్‌వేర్ మనిషిని.

కొరియా దెయ్యం, బూసాన్ స్కూలు

ముందు ఆ వీడియోల మూలం చూద్దాం. దక్షిణ కొరియాలో సియోల్‌కి దగ్గర్లో గోంజియామ్ అనే మానసిక ఆసుపత్రి ఉండేది. 1996లో మూతబడింది. తాళం పడ్డాక కథలు పుట్టాయి. పేషెంట్లు వరసగా చనిపోయారని, డైరెక్టర్‌కి పిచ్చెక్కిందని, ఫలానా గది తలుపు తెరిస్తే ప్రాణం పోతుందని. 2012లో సీఎన్ఎన్ ట్రావెల్ దాన్ని ప్రపంచంలోని భయానక ప్రదేశాల జాబితాలో పెట్టింది. ఇక కుర్రాళ్లు గోడలు దూకడం మొదలైంది. 2018లో 'గోంజియామ్: హాంటెడ్ అసైలమ్' సినిమా వచ్చింది. మన దగ్గర కూడా సబ్‌టైటిల్స్ పెట్టుకుని తెగ చూశారు.

మూతబడటానికి అక్కడి వాళ్లు చెప్పే కారణాలు వింటే రీల్స్ ఫ్రెండ్ ముఖం వాడిపోయింది. మురుగునీటి సమస్య, యాజమాన్యం ఇబ్బందులు. అంతే. సినిమాలో మనం చూసి వణికిన ఆసుపత్రి కూడా అది కాదు. ఎక్కువ భాగం బూసాన్‌లోని ఒక పాత నౌకావిద్య స్కూల్లో తీశారు. అసలు భవనాన్ని 2018లోనే కూల్చేశారు.

అమెరికాలో డాన్వర్స్ ఆసుపత్రిదీ ఇంచుమించు ఇదే కథ. 1878లో తెరిచారు, 1992లో మూసేశారు. చాలా భాగం కూల్చి అపార్ట్‌మెంట్లు కట్టారు. ఇప్పుడు అక్కడ జనం వంట చేసుకుంటున్నారు, పిల్లల్ని స్కూలుకి పంపుతున్నారు.

ఆ దేశాల్లో ఇన్ని ఖాళీ పిచ్చాసుపత్రులు ఎందుకున్నాయో తెలిస్తే సగం భయం పోతుంది. 1950ల్లో క్లోర్‌ప్రోమజీన్ లాంటి మందులు వచ్చాయి. అంతకుముందు జీవితమంతా గోడల మధ్య ఉంచిన మనుషుల్లో చాలామందిని ఇంటికి పంపడం సాధ్యమైంది. ఇటలీ అయితే 1978లో ఏకంగా చట్టం చేసి పెద్ద మానసిక ఆసుపత్రులను దశలవారీగా మూసేసింది. వేల పడకలున్న భవనాలు ఖాళీ అయ్యాయి. వాటిలోకి ముందు పావురాలు, తర్వాత కెమెరాలు వచ్చాయి.

మన దగ్గర అలా ఖాళీ అవలేదు. దేశం మొత్తానికి ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు 47. ఖాళీ చేసే సంగతి అటుంచి, ఉన్నవే సరిపోవు. కాబట్టి హైదరాబాద్‌లో పాడుబడ్డ పిచ్చాసుపత్రి వెతికితే దొరకదు. ఉన్నది ఎర్రగడ్డ. అది నిక్షేపంగా నడుస్తోంది. మరి మన ఊరి దెయ్యాలు ఎక్కడున్నట్టు?

తార్నాక: యాప్ చూపించిన ఆత్మ

శుక్రవారం రాత్రి ఇంటి దగ్గర్నుంచే మొదలుపెట్టాం. తార్నాక పేరే తార్, నాకా అనే రెండు మాటల్లోంచి వచ్చిందంటారు. ముళ్లతీగ వేసిన చెక్‌పోస్టు అన్నమాట. నిజాం కాలంలో ఇక్కడ తోటలుండేవట. అక్కడినుంచి లోపలికి నడిస్తే ఉస్మానియా క్యాంపస్. 1918లో పుట్టిన యూనివర్సిటీ. ఆర్ట్స్ కాలేజీ భవనం మాత్రం 1939లో ప్రారంభమైంది. రాత్రిపూట ఆ గులాబీ రంగు గ్రానైట్ మీద లైట్లు పడుతుంటే దెయ్యం సంగతి మర్చిపోయి ఫొటోలు దిగాం.

ఈ నేల అంతకుముందు మహలఖా బాయి చందా జాగీరులోదని చెబుతారు. 1768 నుంచి 1824 దాకా బతికిన ఉర్దూ కవయిత్రి, గాయని, నర్తకి. ఆమె కాలం నాటిదని చెప్పే మెట్ల బావి ఒకటి ఇక్కడుంది. పాత బావి, పక్కన చెట్లు, ఒక అందమైన నర్తకి పేరు. హాస్టల్ కథలకి ఇంతకంటే ఏం కావాలి? ప్రతి బ్యాచ్‌లోనూ గజ్జెల చప్పుడు విన్న సీనియర్ ఒకడుంటాడు. విన్నవాణ్ణి పిలిపించమంటే మాత్రం వాడు ఎప్పుడో పాసైపోయి వెళ్లిపోయి ఉంటాడు.

క్యాంపస్‌కి దగ్గర్లో తలుపులు ఊడిపోయిన పాత క్వార్టర్స్ వరస ఒకటి కనిపించింది. లోపలికి వెళ్లలేదు. బయట రోడ్డు మీదే నిలబడ్డాం. రీల్స్ ఫ్రెండ్ ఫోన్‌లో 'ఘోస్ట్ డిటెక్టర్' యాప్ ఆన్ చేశాడు. ముల్లు గిర్రున తిరిగి ఎర్ర గీత దాటింది. వాడి గొంతు మారిపోయింది.

ఇక్కడ ఇంజనీర్ పని పడింది. ఈ యాప్‌లు వాడేది ఫోన్‌లో దిక్సూచి కోసం పెట్టిన సెన్సార్‌నే. భూమి అయస్కాంత క్షేత్రం చోటునిబట్టి సుమారు 25 నుంచి 65 మైక్రోటెస్లా ఉంటుంది. ఇనుప గేటు, గోడలో చువ్వలు, కరెంటు స్తంభం, ఇంకో ఫోన్ స్పీకర్, ఏది దగ్గరికొచ్చినా ఆ అంకె మారుతుంది. వాడు నిలబడింది సరిగ్గా ఇనుప గేటు పక్కన. నాలుగడుగులు వెనక్కి రమ్మన్నాను. ఆత్మ శాంతించింది.

అలికిడికి వాచ్‌మెన్ తాత వచ్చాడు. విషయం చెబితే నవ్వాడు.

"దయ్యాల్లేవ్ గియ్యాల్లేవ్ బిడ్డా. గీడ పాములతోటే పరేషాన్. చెప్పులు చూస్కోని నడువుండ్రి."

"మరి రాత్రిళ్లు ఏమీ వినబడదా తాతా?"

"ఎందుకినబడది? గుడ్లగూబ బుస్సుమంటది. కొత్తగ వచ్చినోళ్లు గదే దయ్యమనుకుంటరు."

తెల్ల గుడ్లగూబ అరుపు నిజంగానే మనిషి బుస కొట్టినట్టు, కొన్నిసార్లు కీచుమన్నట్టు ఉంటుంది. పాడుబడ్డ ఇళ్ల చూరులంటే దానికి ఇష్టం. తెల్లటి ముఖంతో చప్పుడు లేకుండా ఎగురుతుంది. ఎన్ని ఊళ్ల దెయ్యం కథలకి ఈ పక్షి మూలమో!

అలాగని దెయ్యం చూశామన్న ప్రతివాళ్లూ అబద్ధం చెబుతున్నారనుకోకండి. ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో విక్ టాండీ అనే ఇంజనీర్ ల్యాబ్‌లో ఒంటరిగా పనిచేస్తుంటే ఒళ్లు చల్లబడి, పక్కన బూడిదరంగు ఆకారం కదిలినట్టు అనిపించింది. మర్నాడు బిగించి పెట్టిన ఒక కత్తి అలుగు దానంతటదే వణకడం చూశాడు. వెతికితే దొరికింది కొత్తగా పెట్టిన ఫ్యాన్. అది సెకనుకి దాదాపు 19 కంపనాలతో గది మొత్తాన్ని ఊపుతోంది. మన చెవికి మామూలుగా 20 నుంచే వినిపిస్తుంది. చెవికి అందలేదు కానీ ఒంటికి తెలిసింది. 1998లో దీనిమీద వ్యాసం రాశాడు. ప్రతి దెయ్యానికీ ఫ్యాన్ కారణమని కాదు. భయం నిజమే, కారణం మాత్రం వేరే ఉండొచ్చని.

మన దగ్గర ఇంకా సులువైన పరీక్ష ఒకటి జరిగింది. 2018 జూన్‌లో పాలకొల్లు శ్మశానంలో పనులకి కూలీలు భయపడుతుంటే, అప్పటి ఎమ్మెల్యే నిమ్మల రామానాయుడు మంచం వేసుకుని అక్కడే పడుకున్నారు. ఆయన్ని ఇబ్బంది పెట్టింది దోమలే.

ముషీరాబాద్: జైలు పోయి ఆసుపత్రి వచ్చింది

శనివారం పొద్దున్నే తార్నాకలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్స్‌లో గ్రీన్ లైన్‌కి మారితే రెండో స్టేషన్ గాంధీ ఆసుపత్రి. ఆ తర్వాతది ముషీరాబాద్. నిజాం దివాన్ అరస్తు జా బిరుదుల్లో ఒకటైన ముషీర్-ఉల్-ముల్క్ మీద వచ్చిన పేరు.

ఇవాళ గాంధీ ఆసుపత్రి ఉన్నచోట ఒకప్పుడు ముషీరాబాద్ జైలు ఉండేది. మన వయసు వాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలీదు. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరున్న ఆసుపత్రి 2003లో ఇక్కడికి మారింది. ఎమర్జెన్సీ రోజుల్లో, 1975 డిసెంబర్ 1న, ఆదిలాబాద్ జిల్లా రైతాంగ పోరాటానికి చెందిన భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీసింది ఈ జైల్లోనే. ఆ శిక్ష ఆపమని దేశమంతటా గొంతులు లేచాయి. ఆగలేదు.

జైలు, ఉరి, దానిమీద ఆసుపత్రి, 2020లో కోవిడ్ వార్డులు. దెయ్యం కథకి కావాల్సిన సరుకంతా ఇక్కడ ఉంది. కానీ గేటు దగ్గర ఒక్క గంట నిలబడండి. స్ట్రెచర్లు, క్యారేజీలు, పరుపుచుట్టలు, చెట్టుకింద నిద్రపోతున్న అటెండెంట్లు. ఇంతమంది బతికున్నవాళ్ల మధ్య దెయ్యానికి చోటెక్కడ? టీ కొట్టు అన్నని అడిగితే "రాత్రి పన్నెండు గంటలకు గూడ గిట్లనే ఉంటది, దయ్యం గిన వస్తే అంబులెన్స్‌కు సైడియ్యాలె" అన్నాడు.

మేం ముషీరాబాద్‌లో ఆగింది జైలు కోసం. ఎందుకంటే పిచ్చాసుపత్రికీ జైలుకీ మన దేశంలో చాలాకాలం గోడ ఒక్కటే. 1858లో బ్రిటిష్ వాళ్లు చేసిన చట్టం పేరే 'లూనాటిక్ అసైలమ్స్ యాక్ట్'. మనిషికి వైద్యం ఎలా అన్నదానికంటే, అతన్ని ఎక్కడ పెట్టి తాళం వేయాలి అన్నదే దాని బాధ. 1912 చట్టమూ పెద్దగా మారలేదు. అది 1987 చట్టం అమల్లోకి వచ్చేదాకా, అంటే 1993 దాకా నడిచింది. ఏ నేరమూ చేయని మానసిక రోగుల్ని జైళ్లలో ఉంచడం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు షీలా బర్సే కేసులో తేల్చింది కూడా 1993లోనే. ఆ ఏడాదికి 'జెంటిల్‌మన్' సినిమా వచ్చేసింది. మరీ పాత కాలం ముచ్చట కాదన్నమాట.

పిచ్చాసుపత్రి అనగానే కటకటాలు, గొలుసులు, కేకలు మన కళ్లముందుకి రావడం ఊరికే కాదు. ఆ బొమ్మ ఎక్కడినుంచో ఊడిపడలేదు. మనుషుల్ని అలా ఉంచిన రోజులు ఉన్నాయి. వాళ్లే ఇప్పుడు కథల్లో దెయ్యాలుగా తిరుగుతున్నారు.

మెట్రోలో చిన్నమ్మ కథ

మళ్లీ వెనక్కి వచ్చి బ్లూ లైన్‌లో అమీర్‌పేట, అక్కడ రెడ్ లైన్. ఎస్ఆర్ నగర్, ఈఎస్ఐ, తర్వాత ఎర్రగడ్డ. దారిలో సినిమాల మీదికి మాట మళ్లింది. 'రాజుగారి గది'లో టీవీ షో కోసం దెయ్యాల బంగళాలో ఉండటానికి వెళ్తారు కదా, మనదీ అదే టైపని రీల్స్ ఫ్రెండ్ జోకులు. నేను 'చంద్రముఖి' అన్నాను. 1993 నాటి మలయాళం 'మణిచిత్రతాళు' నుంచి వచ్చిన కథ. 2005లో థియేటర్లు ఊగిపోయాయి. అందరూ దెయ్యం అనుకుంటుంటే సైకియాట్రిస్టు వచ్చి అది జబ్బు అంటాడు. సైకియాట్రిస్టుని హీరోగా చూపించిన అతిపెద్ద హిట్ బహుశా అదే.

అప్పటిదాకా పెద్దగా మాట్లాడని రూమ్మేట్ అప్పుడు నోరు విప్పాడు.

"మా చిన్నమ్మకు గూడ దయ్యం పట్టిందన్నరు రా. నేను ఆరో తరగతిల ఉన్న. రాత్రంతా ఎవలతోనో మాట్లాడేది. తిండి లేదు, నిద్ర లేదు. బాయిల పడి సచ్చిపోయినామె పట్టిందని ఊరంత అన్నది. నిమ్మకాయలు, యాపమండలు, కోళ్లు. రెండేండ్లు తిరిగిర్రు. వాతలు గూడ పెట్టిర్రు."

"ఆసుపత్రికి తీస్కపోలేదా?"

"మా బాపు తీస్కపోదామన్నడు. ఎర్రగడ్డ పేరు చెప్తే మా తాత ఒప్పుకోలే. ఇంట్ల ఇంకా పెండ్లి గాని పిల్లలున్నరు, పేరు పోతదన్నడు. ఆఖరికి ఇంకో సర్కారు దవాఖానల చూపెట్టిర్రు. గోళీలు ఇచ్చిర్రు. ఆర్నెల్లల్ల మల్ల మిషన్ కుట్టుడు మొదలువెట్టింది. నా ఇంటర్ యూనిఫాం ఆమెనే కుట్టింది."

కాసేపాగి అన్నాడు. "గా రెండేండ్లు ఎవలు తిన్నరు రా? దయ్యమా?"

బేగంపేట దాటి అమీర్‌పేట వచ్చేదాకా ముగ్గురం మాట్లాడలేదు.

దెయ్యం పట్టడం అంటే ఊళ్లో అందరికీ అర్థమవుతుంది. గొంతులు వినబడటం, ఉన్నట్టుండి మనిషి మారిపోవడం, నిద్ర పూర్తిగా పోవడం, వీటికి తరతరాలుగా ఉన్న పేరు అది. ఇంట్లోవాళ్లు గుడికో దర్గాకో వెళ్లేది ప్రేమతోనే. గుజరాత్‌లోని మీరా దాతార్ దర్గాలో 'దవా-దువా' పేరుతో ప్రార్థన పక్కనే డాక్టర్‌ని కూర్చోబెట్టి మందులూ ఇస్తున్నారు. అది మంచి దారి. ప్రార్థన ఉండి మందు లేకపోతే ఎంతదూరం వెళ్తుందో తమిళనాడులోని ఏర్వాడి చూపించింది. 2001 ఆగస్టు 6న తెల్లవారుజామున అక్కడి ఒక ప్రైవేటు కేంద్రంలో మంటలు లేచాయి. రోగులు గొలుసులతో కట్టేసి ఉన్నారు. పారిపోలేక 28 మంది చనిపోయారు.

ఎర్రగడ్డ: ఖాళీగా లేని చోటు

హైదరాబాద్‌లో పెరిగిన ఎవరికైనా ఎర్రగడ్డ ఊరి పేరు కంటే ముందు తిట్టుగా పరిచయం. "వీణ్ణి ఎర్రగడ్డల చేర్పియ్యాలె రా" అనని గ్యాంగ్ ఉండదు. విశాఖ వైపు ఆ పని వాల్తేరు పేరు చేస్తుంది. రైతు బజారు, చెస్ట్ ఆసుపత్రి, మెట్రో స్టేషన్, లక్షలమంది బతుకులు ఉన్న పేటని ఒక్క గేటుకి కుదించేశాం.

ఆ గేటు వెనకున్నది ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్. హైదరాబాద్ సంస్థానపు మానసిక ఆసుపత్రి ఇప్పటి మహారాష్ట్రలోని జాల్నాలో ఉండేది. 1953లో ఇక్కడికొచ్చింది. 600 పడకలు. కొత్త సైకియాట్రిస్టులు తయారయ్యేదీ ఇక్కడే.

మేం లోపలి వార్డులకి వెళ్లలేదు, వెళ్లకూడదు కూడా. గేటు బయట టీ తాగుతూ నిలబడ్డాం. ఓపీకి వచ్చేవాళ్లు పోయేవాళ్లు. చేతిలో ప్లాస్టిక్ కవర్లో మందుల చీటీలు. కాలేజీ బ్యాగుతో ఒక అబ్బాయి, వెంట వాళ్ల నాన్న. ముసలి అమ్మని ఆటోలోంచి దింపుతున్న కోడలు. కంపెనీ ఐడీ కార్డు జేబులోకి తోసుకుంటూ లోపలికి వెళ్తున్న మా వయసు అతను. ఏ ఆసుపత్రి ముందు నిలబడినా కనిపించే మనుషులే.

రీల్స్ ఫ్రెండ్ అలవాటుగా ఫోన్ తీశాడు. టీ అన్న అడిగాడు. "మీ అక్కో చెల్లో లైన్ల ఉంటే తీస్తవా తమ్మీ?" ఫోన్ జేబులోకి వెళ్లిపోయింది.

ఇక్కడ చట్టం కూడా టీ అన్న వైపే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, చికిత్సలో ఉన్నవాళ్ల ఫొటో అయినా వివరమైనా వాళ్ల అనుమతి లేకుండా మీడియాకి ఇవ్వకూడదు. ఎలక్ట్రానిక్ మీడియా కూడా దీని కిందికే వస్తుంది. అదే చట్టం రోగిని గొలుసులతో కట్టడం నిషేధించింది. మత్తు ఇవ్వకుండా కరెంటు షాక్ చికిత్స చేయకూడదంది. సినిమాల్లో చూపించే ఆ సీను ఇప్పుడు నేరం. ఆరోగ్య బీమాలో మానసిక జబ్బులకీ మిగతా జబ్బులతో సమానంగా కవరేజ్ ఇవ్వాలంది. మీ కంపెనీ పాలసీ కాగితాలు ఒకసారి తీసి చూసుకోండి.

ఇందులో 19వ సెక్షన్ నన్ను ఎక్కువసేపు ఆపింది. ఇంట్లోవాళ్లు రానివ్వలేదనో, ఎవరూ లేరనో ఒక మనిషిని ఆసుపత్రిలోనే ఉంచేయకూడదు అంటుంది ఆ సెక్షన్. అలా ఉండిపోయినవాళ్లు లేకపోతే ఆ వాక్యం రాయాల్సిన అవసరమే రాదు. దేశవ్యాప్తంగా జబ్బు నయమైనా ఆసుపత్రి దాటలేనివాళ్లు చాలామంది ఉన్నారు. తప్పు అడ్రస్ ఇచ్చి చేర్పించి వెళ్లిపోయే కుటుంబాలుంటాయి. ఏళ్లు గడిచాక ఇల్లు మారిపోయి, ఆస్తి పంపకాలైపోయి, వెనక్కి రావడానికి చోటు లేకుండా పోతుంది. 2017లో సుప్రీంకోర్టు కూడా, కోలుకున్నవాళ్ల కోసం పునరావాస గృహాలు కట్టమని రాష్ట్రాలకి చెప్పాల్సి వచ్చింది.

అమెరికాలో విలార్డ్ అనే మానసిక ఆసుపత్రి 1995లో మూతబడినప్పుడు అటక మీద దాదాపు 400 పెట్టెలు దొరికాయి. చేరినరోజు రోగులు వెంట తెచ్చుకున్నవి. బట్టలు, ఉత్తరాలు, ఫొటోలు, కుట్టుసామాను. మళ్లీ ఇంటికి వెళ్తామనే కదా ఎవరైనా పెట్టె సర్దుకుంటారు. వాళ్లలో చాలామంది అక్కడే చనిపోయారు. జాన్ క్రిస్పిన్ అనే ఫొటోగ్రాఫర్ ఆ పెట్టెల్ని ఒక్కొక్కటిగా తెరిచి ఫొటోలు తీశాడు. ఇంటర్నెట్‌లో వెతికి చూడండి. ఏ దెయ్యం వీడియోలోనూ లేని భయం వాటిలో ఉంటుంది. దిగులు కూడా ఉంటుంది.

మేం వెతికిన పాడుబడ్డ పిచ్చాసుపత్రి ఎక్కడా దొరకలేదు. మన దగ్గర పాడుబడ్డది భవనం కాదు. లోపల మిగిలిపోయిన కొందరు మనుషులు, బయటినుంచి లోపలికి రావడానికి భయపడే ఇంకెందరో. జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 2015-16 ప్రకారం, జబ్బు రకాన్నిబట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. డాక్టర్లు తక్కువ, ఆసుపత్రులు దూరం, ఖర్చు, అన్నీ నిజమే. కానీ చిన్నమ్మ విషయంలో డాక్టరూ ఉన్నాడు, బస్సూ ఉంది. అడ్డం పడింది ఒక ఊరి పేరు.

మీరు వెళ్లాలనుకుంటే

తిరగండి. రాత్రిపూట ఆర్ట్స్ కాలేజీ చూడండి, మెట్ల బావి చూడండి. పాత ఆసుపత్రి భవనమే చూడాలనిపిస్తే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా జనరల్ ఆసుపత్రి పాత బ్లాకుని రోడ్డు మీదినుంచి చూడండి. విన్సెంట్ ఎష్ గీసిన ఆ గుమ్మటాల భవనంలోకి 2020 జూలైలో వాననీళ్లు వచ్చాయి, వార్డులు ఖాళీ చేశారు. ఆ ఆవరణలోనే 1908 మూసీ వరదల్లో 150 మందిని కొమ్మల మీద నిలిపి కాపాడిందని చెప్పే చింతచెట్టు ఉంది. మామూలుగా చింతచెట్టు మీద దెయ్యాలుంటాయంటారు, ఈ చెట్టు మీద మాత్రం మనుషులు బతికారు.

తాళం వేసి ఉన్న భవనంలోకి మాత్రం దూరకండి. అది నేరం కూడా. పైకప్పు కూలడం, పాము, ముట్టుకుంటే షాక్ కొట్టే వైరు, ఇవి యాప్‌లో కనిపించవు. ఆసుపత్రి గేటు ముందు కెమెరా తీయకండి.

ఇంకో నంబర్ ఫోన్‌లో సేవ్ చేసుకోండి. 14416. టెలి మానస్. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. రెండు వారాలకి పైగా నిద్ర పట్టకపోయినా, గుండె దడదడలాడి ఊపిరి అందనట్టు అనిపిస్తున్నా, లేఆఫ్ మెయిల్ చూసినప్పటినుంచో సెమిస్టర్ పోయినప్పటినుంచో బతకాలనిపించకపోయినా, ఇంట్లో ఎవరికైనా గొంతులు వినిపిస్తున్నా, ఆ నంబర్‌కి చేయొచ్చు. దగ్గర్లో ఎక్కడికెళ్లాలో వాళ్లు చెబుతారు. ఎర్రగడ్డే అవ్వాలనేం లేదు. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. ఒకవేళ ఎర్రగడ్డే అయితే, మెట్రో స్టేషన్ పక్కనే ఉంది.

ఈసారి ఎవడైనా గ్రూపులో "నిన్ను ఎర్రగడ్డకి పంపాలి రా" అని మెసేజ్ పెడితే, నవ్వే ఎమోజీ కొట్టేముందు ఆ గ్రూపులో ఎంతమంది ఉన్నారో ఒకసారి చూడండి. వాళ్లలో ఒకడు నెల రోజులుగా నిద్ర లేకుండా, డాక్టర్ దగ్గరికి వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తూ ఉండొచ్చు. ఆ మెసేజ్ వాడు కూడా చదువుతాడు.